స్కైలాబ్ పడ్డ రాత్రి మీ ఇంట్లో ఎవరికి ఏం గుర్తుంది?

నల్లరేగడి

1979 జులైలో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన నెత్తిన పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు వణికిపోయాయి కదా. ఆ రాత్రి గురించి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏం చెబుతారో రాయండి.

అడగడానికి కారణం ఉంది. అప్పటికి మా నాన్నకి పన్నెండేళ్ళు, బాబాయికి పది. ఒకే ఇల్లు, ఒకే మంచం. ఒంగోలుకి దగ్గర్లో పల్లెటూరు. నాన్న చెప్పేది: ఆ రాత్రి పెద్ద గాలి లేచింది, ఇంటి తాటాకు కప్పు సగం ఎగిరిపోయింది, నానమ్మ పిల్లల్నందర్నీ రామాలయంలోకి లాక్కెళ్ళింది. బాబాయి చెప్పేది: గాలీ లేదు వానా లేదు, వాకిట్లో మంచాలు వేసుకుని అందరూ ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నారు, దసరాకని దాచిన కోడిని నానమ్మ ఆ పూటే కోసి కూర వండింది. మొన్న ఒక ఫంక్షన్లో ఇద్దరూ ఒట్లు వేసుకునే దాకా వెళ్ళారు. నానమ్మ లేదు కాబట్టి తేల్చేవాళ్ళు లేరు.

ఇద్దరూ అబద్ధాలాడే మనుషులు కారు. అందుకే నాకు బెంగగా ఉంది. కళ్ళతో చూసిందే ఇలా అయితే, మనం "నాకు బాగా గుర్తుంది" అని చెప్పే మాటకి విలువెంత? అంత నమ్మకం లేని దాన్ని పట్టుకుని వేలాడే కంటే ఈ రోజుకి ఈ రోజు బతకడమే మేలా?

మంజీర

అన్నా, మా నాయన గూడ చెప్తుంటడు. మాది మెదక్ దిక్కు. స్కైలాబ్ పడుతదని రేడియోల చెప్పంగనే ఊరంత మేకలు, కోళ్ళు కోసుకుని తిన్నరట. రేపు ఉంటమో లేదో, ఉన్నదంత తిందామని కల్లు తాగిన్రట. అప్పిచ్చినోళ్ళు సుత అడుగుడు బంద్ వెట్టిన్రట. ఆ దినం పట్టపగలే చీకటి అయ్యిందని, జనమంత తలుపులు పెట్టుకుని ఇండ్లల్ల కూసున్నరని, బజార్ల కుక్క గూడ లేకుండెనని అంటడు. చిన్నప్పటి సంది ఇదే విన్న. నా కండ్ల ముంగట జరిగినట్టే ఉంటది నాకు. నేను పుట్టింది దాని తర్వాత శాన ఏండ్లకు.

తిథివారం

నేను రిటైరైన లెక్కల మాష్టారిని. పాత పంచాంగాలు దాచుకోవడం నా అలవాటు. జ్ఞాపకాలని తేల్చలేం కానీ తారీఖుల్ని తేల్చొచ్చు. చూద్దాం.

స్కైలాబ్ దాదాపు 77 టన్నుల అంతరిక్ష కేంద్రం. 1973 మేలో పైకి పంపారు, 1974 ఫిబ్రవరిలో చివరి వ్యోమగాములు దిగి వచ్చేశారు. ఆ తర్వాత ఖాళీగా తిరుగుతూ కిందికి జారుతూ వచ్చింది. అది కూలింది 1979 జులై 11, బుధవారం. మన టైములో రాత్రి 10 దాటాక. ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, పడమటి ఆస్ట్రేలియాలో ఎస్పెరన్స్ అనే ఊరి చుట్టుపక్కలా పడ్డాయి. మన దేశంలో ఏమీ పడలేదు. అది సిద్ధార్థి నామ సంవత్సరం, ఆషాఢం. జులై 9 సోమవారం వ్యాసపౌర్ణమి. అంటే ఆ బుధవారం పున్నమి వెళ్ళిన రెండో రోజు. మబ్బు లేకపోతే పొద్దుగుంకిన కాసేపటికే మంచి వెన్నెల ఉండాలి.

మంజీర గారూ, పట్టపగలు చీకటి పడి జనం తలుపులు వేసుకున్నది స్కైలాబ్‌కి కాదు. ఏడు నెలల తర్వాత, 1980 ఫిబ్రవరి 16న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణానికి. మధ్యాహ్నం 3 దాటాక మన తెలంగాణ మీదుగానే వెళ్ళింది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలకి శాస్త్రవేత్తలు కట్టగట్టుకుని వచ్చారు. ఊళ్ళల్లో మాత్రం వీధులు నిర్మానుష్యం. మీ నాయనగారి మనసులో రెండు భయాలూ ఒక్క రోజైపోయాయి.

నల్లరేగడి గారూ, మీ నాన్నగారి తాటాకు కప్పు సంగతి కూడా నాకు తోస్తోంది. 1979 మే రెండో వారంలో ఒంగోలు దగ్గరే ఒక తుపాను తీరం దాటింది. స్కైలాబ్‌కి సరిగ్గా రెండు నెలల ముందు. అంతకు ఏడాదిన్నర ముందే దివిసీమ ఉప్పెన, 1977 నవంబరు 19. వేలమంది పోయారు. ఆకాశం నుంచి ఏదో వస్తోందంటే మన కోస్తా జనం ఎందుకంత హడలిపోయారో దాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. 1962లో అష్టగ్రహ కూటమికి, అంటే ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరితే ప్రళయమేనని, యాగాలు చేసిన భయం వేరు, ఇది వేరు. ఇది అప్పటికే శవాలని చూసినవాళ్ళ భయం.

నల్లరేగడి

మాష్టారూ, ఒళ్ళు జలదరించింది. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఒప్పుకోలేదు. "తుపాను తుపానే, స్కైలాబ్ స్కైలాబే, రెండుసార్లూ కప్పు లేచింది" అన్నాడు. ఇంతకుముందెప్పుడూ రెండుసార్లని అనలేదు.

పంతులమ్మ_తెనాలి

నేను కాలేజీలో సైకాలజీ చెప్పాను. బాబూ, మీ నాన్నగారు ఇప్పుడు చేసింది చాలా సహజం. దయచేసి ఆయన్ని ఇంక నిలదీయకండి. ఎందుకో చెబుతాను.

గుర్తుచేసుకోవడం అంటే దాచిపెట్టిన దాన్ని బయటికి తీయడం అనుకుంటాం. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే ఆయన 1932లోనే అది కాదని చూపించాడు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండు వాళ్ళ చేత చదివించి, కొన్నాళ్ళు ఆగి చెప్పమన్నాడు. వాళ్ళకి తెలియని దోనెలు మామూలు పడవలైపోయాయి, సీలు వేట చేపల వేటైపోయింది, అర్థంకాని దయ్యాల ముక్కలు జారిపోయాయి. కథని వాళ్ళు తమ లోకానికి సరిపడా మళ్ళీ అల్లుకున్నారు. ఎవరూ కావాలని చెయ్యలేదు.

మీ సంగతికి ఇంకా దగ్గరైనది నైసర్, హార్ష్ అనే ఇద్దరు చేసిన పని. 1986 జనవరి 28న ఛాలెంజర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకన్లకే పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ విద్యార్థుల చేత రాయించారు: ఆ వార్త మీరు ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు, అప్పుడేం చేస్తున్నారు అని. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని పట్టుకుని అవే ప్రశ్నలు మళ్ళీ అడిగారు. 11 మంది చెప్పిన దాంట్లో ముఖ్యమైన ఒక్క సంగతి కూడా పాత కాగితంతో కలవలేదు. అన్నీ సరిగ్గా చెప్పినవాళ్ళు ముగ్గురే. ఒకమ్మాయి మొదట క్లాసులో విన్నానని రాసింది. తర్వాతేమో హాస్టల్ గదిలో రూమ్మేటుతో టీవీ చూస్తుండగా వార్త వచ్చిందని చెప్పింది, అదీ ఎంతో నమ్మకంగా. ఆఖర్న వాళ్ళ చేతిరాత వాళ్ళకే చూపించారు. రాత తమదేనని ఒప్పుకున్నారు. అయినా ఆ పాత జ్ఞాపకం వెనక్కి రాలేదు. దాని చోటులో ఇంకొకటి వచ్చి కూర్చుంది.

ఎందుకిలా అవుతుందో కొంత తెలిసింది కూడా. 2000లో నాడర్, షాఫ్, లెడూ ఎలుకల మీద ప్రయోగం చేశారు. ఒక చప్పుడు వినిపించి షాకిస్తే ఎలుక ఆ చప్పుడుకి భయపడడం నేర్చుకుంటుంది. ఆ భయం గట్టిపడ్డాక, చప్పుడు మళ్ళీ వినిపించి అది గుర్తొచ్చేలా చేసి, వెంటనే మెదడులో ప్రొటీన్ తయారీని ఆపే మందు ఇస్తే భయం మాయమైంది. గుర్తు చెయ్యకుండా అదే మందు ఇస్తే భయం అలాగే ఉంది. అంటే గుర్తొచ్చిన ప్రతిసారీ జ్ఞాపకం కాసేపు మెత్తబడుతోంది, మళ్ళీ గట్టిపడాల్సి వస్తోంది. ఆ మెత్తగా ఉన్నప్పుడే ఇవాళ్టి మాటలు, ఇవాళ్టి భయాలు అందులో కలిసిపోవచ్చు. మీ నాన్నగారు నలభై ఏళ్ళకి పైగా ఈ కథ చెబుతున్నారు. ఎక్కువసార్లు చెప్పిన జ్ఞాపకమే ఎక్కువ స్పష్టంగా ఉంటుంది. స్పష్టంగా ఉండడం వేరు, నిజం కావడం వేరు.

వకీలు_హన్మకొండ

మేడం చివరి మాట ప్రతి కోర్టు హాల్లో రాసి పెట్టాలి.

నేను క్రిమినల్ సైడు ప్రాక్టీసు. 1974లో లాఫ్టస్, పామర్ అని ఇద్దరు కార్లు గుద్దుకునే ఫిల్ము చూపించి ప్రశ్నలేశారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి" అని, ఇంకొందరిని "కార్లు నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడు" అని అడిగారు. వారం పోయాక "పగిలిన అద్దం చూశారా" అంటే, మెత్తటి మాట విన్న 50 మందిలో 7 మంది, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. ఒక్క మాట మార్చినందుకు ఇంత. స్టేషన్లో, ఇంట్లో, టీ కొట్టు దగ్గర ఎన్ని ప్రశ్నలు పడ్డాక సాక్షి బోనెక్కుతాడో ఆలోచించండి.

అమెరికాలో రోనాల్డ్ కాటన్ అనే అతన్ని బాధితురాలే గుర్తుపట్టింది, పూర్తి నమ్మకంతో. 1984 నాటి అత్యాచారం కేసు. 1995లో డీఎన్ఏ పరీక్ష అతను కాదని తేల్చేదాకా జైల్లోనే ఉన్నాడు. ఆమె అబద్ధం చెప్పలేదు. దాడి జరుగుతుండగానే ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకోవాలని పట్టుదలగా చూసిన మనిషి ఆమె.

మన సుప్రీంకోర్టు ఈ విషయంలో మంచి మాట అన్నది. 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ హిర్జీభాయ్ కేసులో, సాక్షికి ఫొటో తీసినట్టు జ్ఞాపకం ఉండాలని ఆశించకూడదనీ, మనసులో వీడియో టేపు తిరగదనీ చెప్పింది. చిన్న చిన్న తేడాలున్నాయని మొత్తం సాక్ష్యాన్ని పారెయ్యొద్దన్నది కూడా ఆ తీర్పే. నా అభిప్రాయంలో ఈ రెండో సగమే ఈ చర్చకి ముఖ్యం. తండ్రీ బాబాయీ కప్పు గురించి తేడాగా చెప్పినంత మాత్రాన ఆ రాత్రి భయం అబద్ధం కాదు.

పృచ్ఛకుడు

అందరూ పడమటి వాళ్ళ ప్రయోగాలే చెబుతున్నారు. వేదాన్ని కాగితం లేకుండా అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టుకున్నది మనమే కదా. అవధానం తెలుగువాడి సొత్తు కదా. జ్ఞాపకం నమ్మదగింది కాదంటే ఎలా ఒప్పుకుంటాం?

తిథివారం

పృచ్ఛకుడు గారూ, మీరు తెచ్చిన ఉదాహరణే నాకు ఆధారం. వేదం నిలిచింది ఒట్టి జ్ఞాపకం వల్ల కాదు. పదం, క్రమం, జట, ఘనం అని ఒకే మంత్రాన్ని ఎన్ని రకాలుగా వల్లించారు! జటలో రెండు పదాలని ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి చెబుతారు. ఘనంలో మూడో పదం కూడా చేరుతుంది. ఒక చోట తప్పితే ఇంకో చోట పట్టుబడిపోతుంది. పైగా గురువు ఎదురుగా కూర్చుని వింటాడు. జ్ఞాపకం జారుతుందని తెలిసినవాళ్ళు కట్టిన గట్టు అది.

శాస్త్రకారులూ ఆ సంగతి దాచలేదు. తర్కం మొదలుపెట్టే ప్రతి విద్యార్థీ చదివే తర్కసంగ్రహంలో అన్నంభట్టు, మనవాడే, "సంస్కారమాత్రజన్యం జ్ఞానం స్మృతిః" అన్నాడు. పాత అనుభవం వదిలిన ముద్ర నుంచి మాత్రమే పుట్టేది స్మృతి. దాన్ని అనుభవం నుంచి విడిగా పెట్టాడు. మళ్ళీ స్మృతిలోనూ నిజమైనదీ కానిదీ రెండూ ఉన్నాయన్నాడు.

పృచ్ఛకుడు

ఒప్పుకుంటున్నాను మాష్టారూ, ఘనపాఠం గురించి అలా ఆలోచించలేదు. అయితే అవధానం గురించి నాకు దగ్గరగా తెలిసింది ఒకటి చెప్పనివ్వండి. నేను సభల్లో అప్రస్తుత ప్రసంగం చేస్తుంటాను. నా పని అవధానిని దారి తప్పించడం. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని తప్పించి ఆయన ఒక్కో అక్షరం వేస్తుంటే, పక్కన ఘంటానాదం వినిపిస్తుంటే, నేను మధ్యలో దూరి "అవధాని గారూ, ఈ రోజు ఉప్మాలో ఉప్పు సరిపోయిందా" అంటాను. ఆయన నా వైపు తిరిగి, నా మాట పూర్తిగా విని, సభంతా నవ్వేలా జవాబు చెప్పి, వదిలిన అక్షరం దగ్గరికి వెళతారు. నన్ను విననట్టు ఊరుకోరు. ధారణ వేళ నాలుగు పాదాలూ కలిపి పద్యాలన్నీ ఒప్పజెబుతారు. గంట ఎన్నిసార్లు మోగిందో కూడా చెబుతారు.

నేను గమనించింది ఏమిటంటే, ఆ ధారణకి పునాది ఆ మూడు గంటలూ ఒక్క క్షణం కూడా వేరే చోట ఉండకపోవడం. గంట మోగినప్పుడు వినని వాడికి తర్వాత గుర్తు రావడానికి ఏముంటుంది? నల్లరేగడి గారు జ్ఞాపకమా, ఇవాళా అని విడదీసి అడిగారు. అవధానంలో అవి రెండూ ఒకటే పని.

సిరిమల్లె_డాలస్

ఈ చర్చ రోజూ చదువుతున్నాను, రాయాలంటే చెయ్యి ఆడలేదు. మా అమ్మ విజయవాడలో ఉంది, అల్జీమర్స్. "ఈ క్షణంలో బతకాలి" అని వాట్సాప్‌లో ఎవరో ఒకరు రోజూ పంపుతుంటారు. ఆ క్షణం తప్ప ఇంకేమీ మిగలని మనిషి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్న పోయి చాలా ఏళ్ళైంది. వీడియో కాల్లో అమ్మ "నాన్న ఇంకా ఆఫీసు నుంచి రాలేదే" అంటుంది. మొదట్లో నేను నిజం చెప్పేదాన్ని. అప్పుడే మొదటిసారి విన్నట్టు ఏడ్చేది. కాసేపటికి ఏడ్చిన సంగతి మర్చిపోయి మళ్ళీ అడిగేది.

పంతులమ్మ గారూ, హెన్రీ మొలైసన్ గురించి చదివాను. మూర్ఛలు ఆపడానికని 1953లో మెదడు ఆపరేషన్ చేస్తే, అప్పట్నుంచి కొత్త జ్ఞాపకాలు నిలవడం పోయింది. 2008లో చనిపోయేదాకా అంతే. తనని ఏళ్ళ తరబడి పరీక్షించిన డాక్టర్లు కూడా ఆయనకి ప్రతిసారీ కొత్తవాళ్ళే. అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం మాత్రం రోజు రోజుకీ మెరుగయ్యిందట, నేర్చుకున్నట్టు ఆయనకి తెలియకపోయినా. అమ్మ కూడా అంతే. నా పేరు తడుముకుంటుంది కానీ చిక్కుడుకాయలు ముందర పెడితే ఈనెలు తీసి, రెండుగా తుంచి, పుచ్చులు పక్కన పడేస్తుంది. ఒక్కటీ తప్పదు.

కాబట్టి వర్తమానంలో బతకమని చెప్పేవాళ్ళు జ్ఞాపకాన్ని తక్కువ చెయ్యకండి. తప్పుల తడకైనా సరే, అది ఉన్నవాళ్ళకే వర్తమానం కూడా ఉంటుంది.

పంతులమ్మ_తెనాలి

తల్లీ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆవిడ ఆయన గురించి అడిగినప్పుడు "నాన్న ఆఫీసుకి ఏ షర్టు వేసుకెళ్ళేవారు అమ్మా" అని మాటలోకి దింపండి. అది అబద్ధం చెప్పడం కాదు. ఆవిడ ఎక్కడుందో అక్కడికి మీరు వెళ్ళడం.

హార్స్లీకొండ

మాది మదనపల్లె. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు కాబట్టి వర్తమానం అనగానే ఆయన పేరు లాగుతారు, జ్ఞాపకం వద్దన్నాడని చెబుతారు. ఆయన అలా అనలేదు. ఇంటికి దారి, చేసే పని, మాట్లాడే భాష, వీటికి జ్ఞాపకం కావాలన్నాడు. ఆయన పట్టుకున్నది ఇంకొకటి: నిన్న నన్ను మాటన్న మనిషిని ఇవాళ ఆ మాటలోంచే చూడడం. ఇక్కడ ముందు చెప్పిన సైన్సు దానికి తోడైంది చూడండి. ఇరవై ఏళ్ళ కింద తోడికోడలు అన్న మాట అదే మాట అవునో కాదో కూడా మనకి ఖాయంగా తెలీదు. తిరగదోడిన ప్రతిసారీ అది పదునెక్కి ఉండొచ్చు. దాని మీద మా ఊళ్ళో అన్నదమ్ముల ఇళ్ళ మధ్య గోడలు లేచినాయి.

చిట్టా_ఆవర్జా

నంద్యాల దగ్గర మాకు చిల్లరంగడి ఉండేది. మా తాత రాసిన చిట్టా పుస్తకాలు అటక మీద ఉంటే దించి, 1979 జులై తీసి చూసినా. జ్ఞాపకం కాదిది, ఆ రోజే రాసింది. బుధవారం పేజీలో మసాలా దినుసులు, నూనె, బెల్లం మామూలు కంటే బాగా ఎక్కువ పోయినాయి. దాదాపు అంతా అరువే. అంటే బాగా తిన్నారనేది నిజమే. గురువారం పేజీ మామూలే. కిరసనాయిలు, ఉప్పు, బీడీలు. ఆ అరువు మాత్రం దీపావళి దాకా కొంచెం కొంచెం జమ పడుతా వచ్చింది. రేపు లేదనుకుని తిన్నోళ్ళకి రేపు వచ్చింది, మా తాత దగ్గర లెక్క ఉంది.

మంజీర

గ్రహణం సంగతి మా నాయనకు చెప్పలే. పంతులమ్మ గారు నిలదీయొద్దన్నరు కదా. మా మేనత్తను అడిగిన, ఏం ఎరుక లేనట్టు. "అత్తా, స్కైలాబ్ నాడు ఏం జేసిన్రు" అంటే, "ఊరంత మేకలు యాడియిరా? మన ఇంట్ల మేకనే లేకుండె. పటేలోళ్ళు కోసిన్రు, ఇంక రెండు మూడిండ్లోళ్ళు కోసిన్రు. మాకు బొక్కలు, నెత్తురు ఇచ్చిన్రు" అన్నది. "తెల్లారి నాటు ఉండె. భయం భయం అనుకుంటనే నారు పీకి పెట్టుకున్నం. పొద్దుగాల మబ్బుల లేచి పొలానికి పోయినం" అన్నది.

నాయన కథల ఊరంత పండుగ. అత్త మాటల బొక్కల కూర, పొద్దుగాల నాటు. గా రాత్రి రేపు లేదనుకున్నోళ్ళు సుత నారు తడి ఆరకుండ నీళ్ళు చల్లి పండుకున్నరు. ఈ రోజుకు ఈ రోజు బతుకుడు అంటె నాకు గదే అనిపించింది.

నల్లరేగడి

పంతులమ్మ గారు చెప్పిన దారిలోనే, నిలదీయకుండా, ఒకరి మాట ఇంకొకరికి చెప్పకుండా నాన్ననీ బాబాయినీ విడివిడిగా ఫోన్లో రికార్డు చేశాను. "కప్పు లేచిందా" అని అడగలేదు. "ఆ రోజు పొద్దున్నించీ చెప్పు" అన్నానంతే. కప్పూ కోడీ మళ్ళీ కలవలేదు. కానీ ఇద్దరూ ఒక సంగతి చెప్పారు, ఫంక్షన్లో ఎవరూ ఎత్తనిది: ఆ సాయంత్రం నానమ్మ చేబదులు తెచ్చిన వడ్లు చేటలో కొలిచి, మా వెనకింటి వాళ్ళకి తిరిగిచ్చి వచ్చింది. "రుణం ఉంచుకుని పోకూడదు" అన్నదట. నాన్నకి చేట గుర్తుంది, బాబాయికి ఆ మాట గుర్తుంది.

చీరాలలో మా పెద్ద మేనత్త ఉంది, ఆవిడకి అప్పుడు పదహారు. నాన్న గానీ బాబాయి గానీ ఫోన్ చేసి వాళ్ళ కథ వినిపించకముందే ఆవిడ దగ్గర కూర్చోవాలి. ఈ శనివారం బయల్దేరుతున్నాను. మాష్టారూ, మే తుపాను ఏ తారీఖున పడిందో, ఆ రోజుల్లో చంద్రుడు ఎలా ఉన్నాడో కాస్త చూసి పెట్టండి. అత్తని ముందు అడగను, ఆవిడ చెప్పడం అయ్యాక చూసుకుంటాను.